పైడిరాజు మైకులో చెప్పాక

లీగ్ రోజు 41

గొలుసు పట్టు, ఎడమ వైపు: 41 కిలోలు. గాయాలు: పైడిరాజు కుడి మోకాలికి వాపు. ఇతర విషయాలు: ఇవాళ చాలా ఉన్నాయి.

చంద్రుడి గుహల్లో ఒకటైన మా వెన్నెలపాలెం కబడ్డీ జట్టుకి నేను పద్నాలుగేళ్లుగా ఒళ్లు పడుతున్నాను. కాగితాల మీద ఫిజియోథెరపిస్టు నూకరత్నం అని ఉంటుంది. ఆటగాళ్లకి మాత్రం పిన్నిని. వాళ్ల ఎముకలు, కండరాలు, చేతుల పట్టు ఎలా ఉన్నాయో రోజూ ఈ చిట్టాలో రాయాలని గుహ కమిటీ నియమం. అంకెలు వాళ్లు చదువుతారు. "ఇతర విషయాలు" అన్న గడి ఎవరూ చదవరు. అందుకే దాన్ని నాకిష్టమొచ్చినట్టు నింపుతూ ఉంటాను.

ఇవాళ మ్యాచ్ గెలిచాం. ఆటయ్యాక నాకు రెండు పనులు. తడిసిన జెర్సీలు యంత్రంలో పిండించి ఆ చెమట నీటిని మళ్లీ ట్యాంకుకి పంపాలి. దెబ్బలకి ఐసు పెట్టాలి. యంత్రం తిరుగుతూ ఉండగా పైడిరాజు మోకాలికి ఐసు పెడుతున్నాను. ఇరవై తొమ్మిదేళ్లవాడు, ఎడమ మూల ఆడతాడు. చంద్రుడి మీదున్న పదకొండు జట్లలో అలాంటి మూల ఆటగాడు ఇంకొకడు లేడని మా పగవాళ్లు బూడిదవలస వాళ్లు కూడా ఒప్పుకుంటారు. గుహ రేడియో ఇందుమతి మైకు పట్టుకొచ్చి ఆట గురించి మూడు ప్రశ్నలు అడిగి, ఎప్పటిలాగే చివరికి ఆ ప్రశ్న కూడా అడిగింది.

"పెళ్లెప్పుడు పైడిరాజుగారూ? మన గుహలో అమ్మాయిలు కళ్లు కాయలు కాచేలా ఎదురు చూస్తున్నారు."

ఇంకెప్పుడైనా అయితే నవ్వి ఊరుకునేవాడు. ఇవాళ ఐసు సంచి వైపే చూస్తూ అన్నాడు: "ఎదురు చూడొద్దని చెప్పండి. నేను గే. నాకు మగాళ్లంటేనే ఇష్టం. ఆళ్లని ఊరికే ఆశపెట్టడం బావోదు."

నా చేతిలోంచి ఐసు సంచి జారింది. ఇక్కడ ఏ వస్తువైనా నెమ్మదిగానే కింద పడుతుంది కాబట్టి, అది నేలకి చేరేదాకా అందరం దాన్నే చూస్తూ నిలబడ్డాం.

ఇందుమతి తేరుకుని, "మోకాలెలా ఉంది?" అంది.

"మోకాలు బావుంది," అన్నాడు పైడిరాజు.

అది ప్రత్యక్ష ప్రసారం. పదకొండు గుహలూ విన్నాయి. సెకను పైచిలుకు ఆలస్యంగా భూమి కూడా వింది. ఈ జట్టులో ఎవరి పన్ను ఎప్పుడు నొప్పి పెట్టబోతోందో వాళ్లకన్నా ముందు నాకు తెలుస్తుంది. ఇది మాత్రం తెలియలేదు.

లీగ్ రోజు 42

గొలుసు పట్టు: 38.

పొద్దున్న మెస్సులో పుట్టగొడుగుల ఉప్మా తింటూ లెక్కపెట్టాను. "నాకు మొదట్నించీ తెలుసు" అన్నవాళ్లు పంతొమ్మిది మంది. వాళ్లలో ముగ్గురు కిందటి నెలలోనే పైడిరాజుకి సంబంధాలు తెచ్చారు. నాలుగో సంబంధం తెచ్చింది నేనే, మా చెల్లెలి కూతురికి. కాబట్టి నేను పెద్దగా నవ్వడానికి లేదు.

మా గుహకి ఇది కొత్త సంగతి కాదు. గాలి యంత్రాల దగ్గర పనిచేసే ఇద్దరు మగవాళ్లు పదేళ్లుగా ఒకే గదిలో కాపురం ఉంటున్నారు. గదిలో వెలుతురు ఎంతుండాలన్న దాని మీద తప్ప వాళ్లు దేని మీదా పోట్లాడుకోరు, వాళ్ల గురించి ఎవరూ మాట్లాడుకోరు. కానీ కబడ్డీ ఆటగాడు ఎవడూ ఇంతవరకూ నోరు తెరిచి ఈ మాట చెప్పలేదు. పిల్లల దుప్పట్ల మీద ఆటగాళ్ల బొమ్మలుంటాయి. పైడిరాజు దుప్పటి కొన్నవాళ్లు ఒకరిద్దరు ఇప్పుడేం చెయ్యాలా అని మీమాంసలో పడ్డారట. వాళ్లు తేల్చుకునేలోపు పిల్లలు కప్పుకుని పడుకున్నారు.

మధ్యాహ్నం పైడిరాజు తల్లి అచ్చియ్యమ్మ వచ్చింది. గాలి వడపోత బట్టలు ఉతికే చోట ఆమె పెద్ద. లోపలికి రాగానే తలుపు మూసింది.

"రత్నం, నీకు ముందే తెలుసేటి?"

"లేదొదినా."

"నిజం చెప్పు."

"ఒట్టు. తెలిస్తే మా చెల్లికూతురి సంబంధం తెచ్చీదాన్నేటి?"

స్టూలు మీద కూలబడింది. "నాకూ తెలీదే. పొద్దున్నించీ అందరూ, తల్లివి, నీకు తెలీకుండా ఉంటాదా అంటన్నారు. అవును, ఎప్పుడో తెలుసు అని చెప్పీసాను. నువ్వు కూడా అలాగే చెప్పు. నా పరువు కోసం కాదే. అమ్మకి కూడా చెప్పలేదంటే ఆడెంత భయపడి ఉంటాడో అనుకుంటారు జనం."

"నువ్వేటనుకుంటన్నావు?"

"నేనూ అదే అనుకుంటన్నాను," అని కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మ్యాచ్ అయ్యాక ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అమ్మా, కోపమేటి అన్నాడు. లేదురా, అన్నం తింటావా అన్నాను. తిన్నాడు. రెండోసారి కూడా పెట్టించుకున్నాడు."

ఆ రెండోసారి దగ్గర ఆమె మొహం కాస్త తేటపడింది.

లీగ్ రోజు 44

గొలుసు పట్టు: 34.

గుహ కమిటీ వాళ్లు, గుహలోంచి బయటికెళ్లే గాలితలుపు దగ్గర పైడిరాజు నిలువెత్తు బొమ్మ నిలబెట్టారు. కింద "మన పైడిరాజు, మన గర్వం" అని పెద్ద అక్షరాలు. ఇదే కమిటీ మా ఆటహాలు తీసేసి టమాటా తోట వెయ్యాలని చూస్తోంది. ఈ సీజనులో నాకౌట్ మ్యాచ్ గెలవకపోతే హాలు వ్యవసాయం వాళ్లదే. మొక్కలు అప్పుడే ట్రేలలో మొలిచి, హాలు బయట నడవాలో వరసగా కాచుకుని ఉన్నాయి. ప్రాక్టీసుకి వెళ్లే ప్రతివాడూ వాటిని దాటుకునే వెళ్లాలి.

కోచ్ జోగారావు మాస్టారు జట్టునంతా కూర్చోబెట్టి కాగితం తీసి చదివారు. "మన జట్టులో అందరూ సమానులే. ఎవరి వ్యక్తిగత జీవితం వారిది." ఈ రెండు వాక్యాలూ ఇరవై నిమిషాలు సాగాయి. అయ్యాక చెమట తుడుచుకుని, "ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అన్నారు.

పైడిరాజు చెయ్యెత్తాడు. "మాస్టారూ, ప్రాక్టీసెప్పుడు?"

ప్రాక్టీసు మొదలైంది కానీ అది ప్రాక్టీసులా లేదు. పైడిరాజుని పట్టుకున్న ప్రతివాడూ పట్టుకున్నందుకు క్షమాపణ చెబుతున్నాడు. కుడి కవరు ఆడే పోలినాయుడు అతని నడుం పట్టి కింద పడేసి, గబుక్కున లేచి, "సారీ అన్నా," అన్నాడు.

"ఒరే, ఎనిమిది నెల్ల కిందట నా పన్ను ఊడగొట్టినప్పుడు కూడా సారీ చెప్పలేదు కదరా నువ్వు," అన్నాడు పైడిరాజు.

పట్టు గురించి కమిటీకి తెలియాలి కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. చంద్రుడి మీద మనిషి బరువు తక్కువ. బూడిద నింపిన జాకెట్లు తొడుక్కున్నా సరే, రైడరు ఒక్క ఎగురు ఎగిరితే పట్టుకున్నవాణ్ని కూడా ఎత్తుకుపోతాడు. అందుకే మూల ఆటగాడూ పక్కవాడూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని గొలుసు కడతారు. ఇద్దరి బరువూ కలిస్తేనే రైడరు ఆగుతాడు. మణికట్టుకి కట్టిన పట్టీలు ఆ బిగింపు ఎన్ని కిలోలో కొలుస్తాయి. ముప్ఫై అయిదుకి తగ్గితే గొలుసు తెగుతుంది. పైడిరాజు చెయ్యి పట్టుకునేవాడు గౌరునాయుడు. ఎనిమిదేళ్లుగా అతనే.

పట్టీ పాడైందేమోనని కొత్తది పెట్టి చూశాను. పట్టీ బాగానే ఉంది.

లీగ్ రోజు 47

గొలుసు పట్టు: 28.

భూమి నుంచి పైడిరాజుకి ఆరువేల సందేశాలొచ్చాయి. సగం దీవెనలు, పావు శాపనార్థాలు. మిగతా పావులో మోకాలికి చిట్కా వైద్యాలున్నాయి. దీవెనలూ శాపాలూ అతను చదవడం లేదు. ఆవనూనెతో మర్దన చెయ్యమన్న ఒక పెద్దాయనకి మాత్రం, ఇక్కడ ఆవనూనె దొరకదని మర్యాదగా జవాబు రాశాడు.

ఇంతలో గుహలో కొత్త గుసగుస బయల్దేరింది. ఎనిమిదేళ్లుగా చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఆడుతున్నారు కదా, మరి గౌరునాయుడు కూడానేమో అని. గౌరునాయుడి భార్య ఝాన్సీ ఆక్సిజన్ ప్లాంటులో పనిచేస్తుంది. ఎవరో వెళ్లి ఆమెనే అడిగేశారు.

"అలాగైతే బాగుణ్ణు," అందట ఝాన్సీ. "గిన్నెలు తోమడానికి ఇంట్లో ఇంకో మనిషి ఉండీవాడు. ఈయనొక్కడూ తోమితే మడ్డి వదలట్లేదు."

మెస్సంతా నవ్వింది. పైడిరాజు పొలమారేలా నవ్వాడు. గౌరునాయుడు మాత్రం కంచం తీసుకుని లేచిపోయాడు. ప్రాక్టీసులో గొలుసు కట్టమంటే నాలుగు వేళ్లు అందిస్తున్నాడు, అరచెయ్యి అందించడం లేదు. పాపం, మొహమాటంగా ఉన్నట్టుంది, కుర్రాడికి నేనే ఏదో దారి చూపించాలి అనుకున్నాను.

లీగ్ రోజు 49

గొలుసు పట్టు: 22.

దారి చూపించాను. పాత జాకెట్ల గుడ్డ కత్తిరించి రెండు జతల చేతిజోళ్లు కుట్టాను. చెమటకి చెయ్యి జారుతోందని, ఇవి వేసుకుంటే బిగువుగా ఉంటుందని చెప్పాను. ఒంటికి ఒళ్లు తగలకపోతే మొహమాటం పోతుందని నా తెలివి. గౌరునాయుడు వెంటనే తొడుక్కున్నాడు. పైడిరాజు తన జతని చేతిలో పట్టుకుని కాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. అతని అరచేతులకి చెమట పట్టదు. ఆ సంగతి నాకన్నా బాగా ఎవరికి తెలుసు?

అయినా తొడుక్కున్నాడు.

ప్రాక్టీసయ్యాక మోకాలు చూపించుకోవడానికి వచ్చాడు.

"పిన్నీ, నా మీద నీకు కోపమేటైనా ఉందేటి?"

"ఎందుకురా కోపం?"

"నిన్న నేను జాకెట్టు లేకుండా కప్పు కింద వల దాకా ఎగిరాను. ఇంకెప్పుడైనా అయితే చెవి పట్టుకుని మెలేసీదానివి. నిన్న జాగ్రత్త నాన్నా అన్నావు. మెస్సులో పెరుగు రెండు గరిటెలు వేస్తన్నారు. పోలిగాడు నా చెప్పులు తుడిచి పెట్టాడు. నాకు పెద్ద జబ్బేదో ఉందనీ, మీ అందరికీ తెలుసు గానీ నాకు చెప్పట్లేదనీ అనిపిస్తంది."

అతని చెవి అందుబాటులోనే ఉంది. చెయ్యి మాత్రం రాలేదు. వేడి కాపడం పెట్టి పంపించేశాను.

లీగ్ రోజు 50

గొలుసు పట్టు: 22. చేతిజోళ్ల గురించి ఇవాళ ఇంకేమీ రాయను.

లీగ్ రోజు 52

గొలుసు పట్టు: 19. గాయాలు: అందరి మొహాలూ.

బూడిదవలస వాళ్ల హాలులో ఆడి ఓడిపోయాం, 31–22. వాళ్ల రైడరు కొండబాబు తాటిచెట్టంత మనిషి. నాలుగుసార్లు మా ఎడమ మూల మీంచే వచ్చి, పైడిరాజుకీ గౌరునాయుడికీ మధ్యలోంచే వెళ్లాడు. ఇంట్లో తలుపు తీసుకుని వెళ్లినంత తేలిగ్గా వెళ్లాడు.

పైడిరాజు గీత దగ్గర నిలబడ్డప్పుడల్లా వాళ్ల జనం ముద్దుల చప్పుళ్లు చేశారు. మొదటి సగమంతా విననట్టే ఉన్నాడు. రెండో సగంలో వాళ్ల వైపు తిరిగి, చెయ్యి పెదాలకి ఆనించి, ఒక ముద్దు విసిరాడు. హాలులో సగం మంది పగలబడి నవ్వారు. రిఫరీ హెచ్చరిక ఇచ్చాడు. గౌరునాయుడు నవ్వలేదు, తిట్టలేదు. ఎదుటి గోడ చూస్తూ నిలబడ్డాడు.

తిరుగు బస్సు తొమ్మిది గంటల ప్రయాణం. కిటికీ పక్క సీటు తీసుకోమని పైడిరాజుని నలుగురు బతిమాలారు. బయట చూడటానికి బూడిద తప్ప ఏమీ లేదు. గౌరునాయుడు వెనకాల గాలి సిలిండర్ల పక్కన ఒక్కడే కూర్చున్నాడు. మాస్టారు నా చెవిలో, గౌరునాయుణ్ని కుడి వైపుకి మార్చేద్దామా అని అడుగుతూ ఉండగా పైడిరాజు విన్నాడు.

"ఆణ్ని కదపొద్దు మాస్టారూ," అన్నాడు ముందు సీటు మీంచి వంగి. "ఎనిమిదేళ్లుగా ఎడం చేత్తో ఆడుతున్నాడు, కుడి వైపు తేలిపోతాడు. నన్ను బెంచీ మీద కూర్చోబెట్టండి."

"నువ్వు లేకుండా ఎడమ మూల ఎవడాడతాడురా?" అన్నారు మాస్టారు.

"ఇప్పుడెవడాడుతున్నాడని?"

నాకౌట్ మ్యాచ్ ఆరు రోజుల్లో, మా హాలులోనే, మళ్లీ ఈ బూడిదవలసతోనే.

లీగ్ రోజు 55

గొలుసు పట్టు: కొలవలేదు. పట్టీలు పెట్టడం మరిచిపోయానని రాసుకోండి.

గౌరునాయుడు భుజం నొప్పని వచ్చాడు. చెయ్యి వెయ్యగానే భుజంలో నొప్పేమీ లేదని తెలిసిపోయింది. ఇంక దాచుకోవడం నావల్ల కాలేదు.

"ఒరే గౌరూ, ఉన్నమాట చెప్పు. ఆడి చెయ్యి పట్టుకోడానికి సిగ్గేస్తందేటి నీకు?"

"సిగ్గా?" చటుక్కున లేచి కూర్చున్నాడు. "పిన్నీ, ఎనిమిదేళ్లు. నా పెళ్లికి తోడుపెళ్లికొడుకు ఆడే. నా కూతురు పుట్టినప్పుడు ఝాన్సీకి రక్తమిచ్చింది ఆడే. మా నాన్న పోయినప్పుడు మూడు రోజులు నా పక్కనించి కదల్లేదు. అలాంటోడు నాకు చెప్పలేదు. ఇందుమతికి చెప్పాడు. మైకుకి చెప్పాడు. జెర్సీలు పిండుకుంటా నువ్వు విన్నావు. భూమి వింది. నేనెక్కడున్నానో తెలుసేటి? బాత్రూంలో ఉన్నాను!"

నాకు నవ్వూ ఏడుపూ రెండూ ఒక్కసారే వచ్చాయి. పద్నాలుగు రోజులుగా ఈ గుహంతా అతని చేతిలో సిగ్గుందనుకుంటోంది. అందరికన్నా ముందు నేననుకున్నాను.

"ఈ మాట నాకు చెప్తే ఏటి లాభంరా? నేను చిట్టాలో రాసుకుంటాను, అంతే. ఆడికే చెప్పు."

"చెప్పను," అని బయటికి వెళ్లాడు. కానీ గది వైపు వెళ్లకుండా హాలు వైపు తిరిగాడు. నేను మడతపెట్టాల్సిన జెర్సీలు కొన్ని ఎత్తుకుని వెనకే వెళ్లాను. జెర్సీలు ఎక్కడైనా మడతపెట్టుకోవచ్చు.

హాలులో పైడిరాజు ఒక్కడే ఉన్నాడు, పెద్ద గరిటెతో జాకెట్లలో బూడిద నింపుతున్నాడు.

"నేను నీకేటవుతానురా?" అన్నాడు గౌరునాయుడు గుమ్మంలోంచే.

గరిట ఆగింది. "ఏటైంది?"

"నేను బాత్రూంలోంచి వచ్చీసరికి అందరూ నా మొహమే చూస్తన్నారు, నీకు ముందే తెలుసేటని. తెలుసు అన్నాను. ఇంకేటంటాను? ఎనిమిదేళ్లలో ఒక్కసారైనా నాకు చెప్పాలనిపించలేదేటి?"

"అనిపించింది. ఏడుసార్లు."

"ఎప్పుడు?"

"నీ పెళ్లికి ముందురోజు ఒకసారి. బస్సు చెడిపోయి గోతి పక్కన ఆగిపోయినప్పుడు ఒకసారి. అప్పుడు గొంతు దాకా వచ్చీసింది, పక్కకి తిరిగితే నువ్వు నిద్దరోతున్నావు."

"లేపొచ్చు కదరా!"

"లేపితే తిడతావు."

లేపితే గౌరునాయుడు తిడతాడన్నది నిజం.

"మరి మైకుకెందుకు చెప్పావు?"

"మైకుకి మొహం ఉండదు కదా." పైడిరాజు బూడిద కుప్ప వైపు చూస్తూ అన్నాడు. "ఐసు సంచి చూస్తా చెప్పీయొచ్చు. నీకు చెప్పాలంటే నీ మొహం చూడాలి. నువ్వు చెయ్యి వదిలీస్తావని భయమేసిందిరా. మిగతా అయిదుగురూ వదిలీసినా ఆడగలను."

"నేనేటీ వదల్లేదు."

"పంతొమ్మిది కిలోలురా. పిన్ని చిట్టాలో ఉంది."

ఇద్దరూ నా వైపు తిరిగారు. నేను జెర్సీ చేతులు సమంగా ఉన్నాయో లేదో చూస్తున్నాను.

"అది కోపం," అన్నాడు గౌరునాయుడు. "సిగ్గనుకున్నావేటి నువ్వు?"

"చేతిజోళ్లు వేసుకొచ్చావు కదా."

"అవి పిన్నిచ్చింది!"

ఇంక తప్పించుకోవడానికి లేదు. "తప్పు నాదేరా," అన్నాను. "ఆడికి మొహమాటంగా ఉందనుకుని నేనే కుట్టాను. చెమటా లేదు, గిమటా లేదు."

గౌరునాయుడు నడుముకి దోపుకున్న చేతిజోళ్లు తీసి బలంగా విసిరాడు. అవి పైకెళ్లి కప్పు కింద వలలో చిక్కుకున్నాయి. ముగ్గురం తలెత్తి చూశాం. వాటిని దింపడానికి నిచ్చెన కావాలి.

కౌగలించుకుంటారేమోనని చూశాను. అలాంటిదేమీ జరగలేదు. గౌరునాయుడు మూలనున్న రెండో గరిట తీసుకుని పక్కన కూర్చున్నాడు. కాసేపటికి, ఒక్కో జాకెట్టులో ఎంత బూడిద పోయాలన్న దాని మీద ఇద్దరూ గట్టిగా పోట్లాడుకోవడం మొదలుపెట్టారు. నేను వెళ్లబోతూ పైడిరాజు చెవి పట్టుకుని ఒక్కసారి మెలేశాను.

"ఇప్పుడెందుకు పిన్నీ?"

"మొన్న జాకెట్టు లేకుండా ఎగిరినందుకు."

లీగ్ రోజు 58

గొలుసు పట్టు: 47. ఈ చిట్టాలో ఇంతకన్నా పెద్ద అంకె లేదు. గాయాలు: గౌరునాయుడి ఎడమ చిటికెన వేలు, కీలు తప్పింది.

నాకౌట్. హాలు కిక్కిరిసింది. ఇంతమంది ఊపిరికి గాలి యంత్రాలు రెండింతలు తిరిగాయి. అచ్చియ్యమ్మ ముందు వరసలో కూర్చుంది. బూడిదవలస నుంచి రెండు బస్సుల జనం వచ్చారు. ముద్దుల చప్పుళ్లు మళ్లీ మొదలుపెట్టారు కానీ, ముందు వరసలోంచి అచ్చియ్యమ్మ లేచి వెనక్కి తిరిగి నడుం మీద చెయ్యి పెట్టుకుని ఒక్కొక్కడి మొహం చూసేసరికి సర్దుకున్నారు.

ఇంకో రెండు నిమిషాల్లో ఆట అయిపోతుందనగా వాళ్లు 28, మేము 27. కొండబాబు రైడుకి వచ్చాడు. మళ్లీ ఎడమ మూలకే. కూత ఆపకుండా కాలు చాపి పైడిరాజు మోకాలు తాకి, వెనక్కి ఒక్క ఎగురు ఎగిరాడు. పైడిరాజు అతని పాదం అందుకున్నాడు. రెండో చెయ్యి గౌరునాయుడి చేతిలో ఉంది. ముగ్గురూ ఒక గొలుసులా గాలిలోకి లేచారు. కొండబాబు పైన, పైడిరాజు మధ్యలో, గౌరునాయుడు కింద. గౌరునాయుడు చాప అంచుని కాలి వేళ్లతో పట్టి ఉంచాడని తర్వాత తెలిసింది. కొండబాబు గింజుకున్నాడు, తన్నాడు, కూత తెగింది. ముగ్గురూ మెల్లగా మధ్య గీతకి ఇవతలే దిగారు.

28–28. హాలు దద్దరిల్లింది. మాస్టారు నా భుజం మీద గుద్దారు. ఆ గుద్దుకి భుజం ఇంకా సలుపుతోంది, అది గాయాల్లో రాయలేదు.

మధ్యలో మా రైడరు ఉత్త చేతుల్తో తిరిగొచ్చాడు. ఆఖరి రైడు వాళ్లది. వచ్చింది సన్నగా, భయంభయంగా ఉండే కుర్ర రైడరు. గొలుసు వేస్తే చాలు, దొరికిపోతాడు. గౌరునాయుడు ఎడం చెయ్యి చాపాడు. పైడిరాజు ఆ చెయ్యి వైపు చూశాడు, పట్టుకోలేదు. ఒంటరిగా దూకి రైడరు కాలు పట్టాడు. బక్కవాడే కానీ, ఒక్కడి బరువు ఇక్కడ ఎవర్నీ ఆపదు. అతన్ని కూడా ఈడ్చుకుంటూ వాడు గీత దాటేశాడు.

ఓడిపోయాం. 29–28.

హాలు ఖాళీ అవకముందే గౌరునాయుడి గొంతు వినిపించింది. "చెయ్యి చాపాను కదరా వెధవా! ఎందుకు పట్టుకోలేదు?"

"నీ వేలు చూసుకున్నావేటిరా?" అన్నాడు పైడిరాజు.

గౌరునాయుడు అప్పుడు చూసుకున్నాడు. చిటికెన వేలు పక్కకి వంగి ఉంది. కొండబాబుని దింపినప్పుడే కీలు తప్పింది. చూసుకోగానే నొప్పి తెలిసి, చాప మీద కూర్చుండిపోయాడు.

లీగ్ రోజు 59

గొలుసు పట్టు: లేదు, సీజను అయిపోయింది.

పొద్దున్నే కమిటీ వాళ్లు ట్రేలు బళ్ల మీద పెట్టి హాలులోకి తోసుకెళ్లారు. వచ్చే సీజనుకి నడవాలో ప్రాక్టీసు చేసుకోవాలట. మాస్టారు అప్పుడే టేపుతో నడవా వెడల్పు కొలుస్తున్నారు.

మెస్సులో అందరి నోటా ఒకటే మాట. గొలుసు కోసం ఆగకుండా పైడిరాజు ఒంటరిగా ఎందుకు దూకాడు? ఇరవై తొమ్మిదేళ్లొచ్చినా బుద్ధి రాలేదని ఒకరు, మోకాలు పోయింది ఇంక మానేస్తే మంచిదని ఇంకొకరు. "నాకు మొదట్నించీ తెలుసు, కీలకమైనప్పుడు తప్పు చేస్తాడు" అన్నవాళ్లు పాతికమంది దాకా తేలారు. గాలితలుపు దగ్గర బొమ్మ కింద ఎవరో "గర్వం" కొట్టేసి "ఖర్మ" అని రాశారు. పైడిరాజు దాని ముందు నిలబడి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. ఇందుమతి మైకుతో వచ్చి ఎందుకలా దూకారని అడిగితే, "పొరపాటైపోయిందండి" అన్నాడు. వేలి సంగతి ఎత్తలేదు. నేను చెప్పబోతే నా కాలు తొక్కాడు.

మధ్యాహ్నం గౌరునాయుడి వేలికి కట్టు మార్చాలి. తోడుగా పైడిరాజు కూడా వచ్చి మంచం చివర కూర్చున్నాడు. నేను పాత కట్టు విప్పి కొత్తది చుడుతున్నాను. గౌరునాయుడు వేలు చూసుకుంటూ, ఏదో గుర్తొచ్చినట్టు అడిగాడు.

"అవున్రా, ఎవరైనా ఉన్నారేటి?"

నా చేతిలో కట్టు ఆగిపోయింది. పద్దెనిమిది రోజులుగా ఈ గుహలో ప్రతివాళ్లూ పైడిరాజుకి ఏదో ఒకటి చెప్పారు. గర్వంగా ఉందన్నారు, తెలుసన్నారు, దేవుణ్ని ప్రార్థిస్తామన్నారు. ఇంత చిన్న ప్రశ్న అతన్ని ఎవరూ అడగలేదు. సంబంధాలు తెచ్చినప్పుడు తెగ అడిగిన నేను కూడా అడగలేదు.

పైడిరాజు చెవులు ఎర్రబడ్డాయి. మంచం మీద దుప్పటి అంచు సర్దాడు. మళ్లీ సర్దాడు.

"ఉన్నాడు," అన్నాడు.

"ఎవడు? మన గుహేనేటి? నాకు తెలుసేటి?"

పైడిరాజు నా వైపు చూశాడు. గౌరునాయుడు కూడా చూశాడు.

"పిన్నీ, కాస్సేపు బయటికెల్లు," అన్నాడు గౌరునాయుడు.

"ఇది నా గదిరా."

"తెలుసు. ఎల్లు."

"కట్టు సగంలో ఉంది."

"మిగతాది ఆడు కడతాడులే."

బయటికి వచ్చి నడవాలో నిలబడ్డాను. మా తలుపులు గాలి కూడా చొరబడనంత బిగువుగా ఉంటాయి, మాటలు వినిపించవు. పని ఉన్నట్టు కనిపించాలని గోడ మీది మీటర్లన్నీ ఒకసారి చదివాను. తర్వాత రెండోసారి చదివాను. అప్పుడు లోపల్నించి గౌరునాయుడి అరుపు తలుపు దాటుకుని వచ్చింది: "ఆడేటి!" వెంటనే ఇద్దరి నవ్వు. ఆ నవ్వు చాలాసేపటి దాకా ఆగలేదు.

ఆ పేరు ఈ చిట్టాలో రాయడం లేదు, ఎందుకంటే నాకు తెలియదు. లోపలికి పిలిచాక వాళ్ల మొహాలు చూసి ఏమైనా కనిపెట్టగలనేమోనని ప్రయత్నించాను, లాభం లేకపోయింది. గౌరునాయుడి వేలికి పైడిరాజు కట్టిన కట్టు చాలా వంకరగా ఉంది. విప్పి మళ్లీ కట్టాలి నిజానికి. అలాగే ఉంచి పంపించాను.